మెయిడెన్ గిటారిస్ట్ మెత్తగా పాడితే...

1989లో ఏడ్రియన్ స్మిత్ తీసిన ‘సిల్వర్ అండ్ గోల్డ్’ని మెటల్ ఫ్యాన్స్ పక్కన పెట్టేశారు. పాప్ వినేవాళ్లకి అలాంటిదొకటి వచ్చిందనే తెలీదు. మరుసటి ఏడాదికల్లా అతను బ్యాండ్‌లోనే లేడు!

రెంటికీ చెడ్డ రేవడి అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ సామెత మెడలో ఓ గిటార్ తగిలించి లండన్‌లో నిలబెడితే అచ్చం ఏడ్రియన్ స్మిత్‌లాగే ఉంటుంది. ఇప్పటి స్మిత్ కాదు, 1989 నాటి స్మిత్.

ఎవరీ స్మిత్ అంటారా? ఐరన్ మెయిడెన్ పాట ఒక్కటీ వినకపోయినా వాళ్ల టీషర్టు మాత్రం మీరు చూసే ఉంటారు. తెనాలి గాంధీచౌక్‌లో పది నిమిషాలు నిలబడితే ఒకటైనా కంటపడుతుంది. ఎండిపోయిన మొహం, విరబోసుకున్న జుట్టు, చూస్తే దెయ్యం సినిమా పోస్టర్‌లా ఉంటుంది. ఆ బొమ్మ పేరు ఎడ్డీ. అది వేసుకున్న కుర్రాణ్ణి ‘ఏం పాటలు వింటావు తమ్ముడూ’ అని అడిగితే అనిరుధ్ పేరో, దేవిశ్రీ పేరో చెప్తాడు. తప్పేం లేదు. బొమ్మ బాగుంది, వేసుకున్నాడు.

ఆ బొమ్మ వెనకున్న బ్యాండ్‌ని 1975లో తూర్పు లండన్‌లో స్టీవ్ హారిస్ అనే బేస్ గిటారిస్ట్ పెట్టాడు. వాళ్ల పాటకి రెండు గుర్తులు. ఒకటి, గుర్రం దౌడు లాంటి లయ. టక్-టకటక్-టకటక్ అని బేస్ పరిగెడుతూనే ఉంటుంది. రెండోది, జోడు గిటార్లు. మన పెళ్లిళ్లలో ఇద్దరు సన్నాయి విద్వాంసులు ఒకే వరస పట్టుకుని వాయిస్తారే, దాదాపు ఆ పద్ధతే. కాకపోతే ఇక్కడ రెండో గిటార్ అదే స్వరం కాకుండా కాస్త పై స్వరంలో పక్కనే నడుస్తుంది. ఆ జోడులో ఒకరు డేవ్ ముర్రే, రెండో అతను మన ఏడ్రియన్ స్మిత్.

ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. స్మిత్ 1957లో లండన్ హాక్నీలో పుట్టాడు. కుర్రతనంలో అతనికి ‘అర్చిన్’ అని సొంత బ్యాండ్ ఉండేది. అందులో పాడేదీ అతనే, గిటార్ వాయించేదీ అతనే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1979లో మెయిడెన్‌లోకి రమ్మని పిలిస్తే ‘నా బ్యాండ్ నాకుంది’ అని రానన్నాడు. అర్చిన్ నడవలేదు. 1980 చివర్లో మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి వెళ్లాడు.

తర్వాత పదేళ్లూ మెయిడెన్‌కి బంగారు కాలం. 1982లో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ద బీస్ట్’ నుంచి 1988లో వచ్చిన ‘సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్’ దాకా ప్రతి ఆల్బమ్‌లోనూ స్మిత్ చెయ్యి ఉంది. ‘2 మినిట్స్ టు మిడ్‌నైట్’ రాసిన ఇద్దరిలో అతనొకడు. ‘22 అకేషియా అవెన్యూ’కి మూలం అతని పాత బ్యాండ్ అర్చిన్‌లోని పాటే. మెయిడెన్ పాటల్లో నోటికి ఇట్టే పట్టేసేవి, బాత్రూమ్‌లో పాడుకోదగ్గవి ఏవని వెతికితే చాలాసార్లు అతని పేరే తగుల్తుంది. హారిస్ యుద్ధాలూ, చరిత్రా, పది నిమిషాల పాటలూ రాస్తాడు. స్మిత్ మాత్రం నాలుగైదు నిమిషాల్లో ముగిసే పాట రాస్తాడు.

బి-సైడ్‌లోనే జాడ దొరికింది

1984 ఆగస్టులో మొదలైన ‘వరల్డ్ స్లేవరీ టూర్’ దాదాపు 11 నెలలు సాగింది. 180కి పైగా షోలు. బస్సు, హోటల్, స్టేజీ, మళ్లీ బస్సు. అందరి ఒళ్లూ హూనమైపోయింది. అందరూ కాస్త ఊపిరి పీల్చుకుందామని ఆగారు. ఆ విరామంలో 1985 చివర్లో లండన్ మార్కీ క్లబ్‌లో ఓ సరదా షో జరిగింది. డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్, స్మిత్, స్మిత్ పాత స్నేహితులు కొందరు కలిసి ‘ది ఎంటైర్ పాపులేషన్ ఆఫ్ హాక్నీ’ అనే పేరుతో వాయించారు. అంటే ‘హాక్నీ జనాభా మొత్తం’ అని. పేరులోనే తెలుస్తోంది కదా, సీరియస్ వ్యవహారం కాదు.

కానీ ఆ సరదా అక్కడితో ఆగలేదు. 1986లో మెయిడెన్ ‘వేస్టెడ్ ఇయర్స్’ సింగిల్ వదిలింది. నెలల తరబడి ఇంటికి దూరంగా తిరిగిన మనిషి దిగులు ఆ పాట. రాసింది స్మిత్ ఒక్కడే. ఆ రికార్డు వెనక వైపు ‘రీచ్ ఔట్’ అని మరో పాట ఉంది. ఆ హాక్నీ బృందంలోని డేవ్ కాల్వెల్ రాసిన పాట అది. దాన్ని పాడింది మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ కాదు, స్మిత్! దెయ్యాల్లేవు, యుద్ధాల్లేవు. రేడియోలో వచ్చే అమెరికన్ రాక్‌లా హాయిగా సాగిపోతుంది. కొత్త తరానికి బి-సైడ్ అంటే ఏంటో చెప్పాలేమో. చిన్న రికార్డుకి రెండు వైపులుంటాయి. ముందు వైపు అమ్ముడుపోయే పాట పెడతారు. వెనక వైపు మిగిలిందేదో పెడతారు. చాలామంది వెనక్కి తిప్పను కూడా తిప్పరు.

తిప్పిన వాళ్లకి మాత్రం 1986లోనే అర్థమై ఉండాలి, ఇతని మనసు ఎటు లాగుతోందో.

వరి కోశాక మినుము

మా కొల్లూరు వైపు పొలాల్లో ఓ పద్ధతుంది. వరి ఇంకా కోతకు రాకముందే, ఆ తడిలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసుకునేసరికి కింద మినుము మొలిచి ఉంటుంది. నేల ఖాళీగా పడుండదు, రైతు చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి. 1989లో స్మిత్ చేసింది సరిగ్గా అదే. ‘సెవెంత్ సన్’ టూర్ 1988 చివర్లో అయిపోయింది. బ్యాండ్ మొత్తం ఏడాది సెలవు తీసుకుంది. ఆ ఖాళీలో అతను తన పాటలు తను చేసుకున్నాడు. తేడా ఏంటంటే, మినుము చేను చూసి ‘వరేదిరా’ అని రైతుని ఎవరూ తిట్టరు.

అతను పెట్టిన బృందం పేరు ‘ఏఎస్ఏపీ’. ఏడ్రియన్ స్మిత్ అండ్ ప్రాజెక్ట్. ‘వీలైనంత త్వరగా పంపండి’ అని మేనేజర్లు పెట్టే మెయిళ్లలో చివర ఉంటుందే, అదే నాలుగక్షరాల మీద ఆడిన మాట. వినడానికి చమత్కారంగానే ఉంది. వ్యాపారానికి మాత్రం అంత చెత్త పేరు ఇంకోటి దొరకదు. షాపులో రికార్డులు తిరగేసేవాడికి ‘ఏఎస్ఏపీ’ అని కనిపిస్తే అది ఐరన్ మెయిడెన్ మనిషిదని ఎలా తెలుస్తుంది? అట్ట మీద ఎడ్డీ కూడా లేడు.

ఆల్బమ్ ‘సిల్వర్ అండ్ గోల్డ్’. ఈఎంఐ విడుదల చేసింది. పది పాటలు. గిటార్లలో ఆండీ బార్నెట్, డేవ్ కాల్వెల్, కీబోర్డ్ రిచర్డ్ యంగ్. వీళ్లంతా ఆ హాక్నీ జట్టే. బేస్ రాబిన్ క్లేటన్. డ్రమ్స్ మీద జాక్ స్టార్కీ. ఎవరంటే బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కొడుకు. తర్వాత రోజుల్లో ‘ది హూ’ బ్యాండ్‌తో ఏళ్ల తరబడి వాయించాడు. అంటే మనుషులు సామాన్యులేం కాదు. పాడింది స్మిత్.

ఇక పాటలు. గుర్రం దౌడు లేదు. జోడు గిటార్ల పోటీ లేదు. కీబోర్డ్ ముందుకొచ్చింది, గిటార్ ఒక అడుగు వెనక్కి జరిగింది. పల్లవి తొందరగా వచ్చేస్తుంది. వచ్చినప్పుడు నలుగురు గొంతు కలుపుతారు. లయ మధ్యస్తంగా, కారులో వేళ్లతో స్టీరింగ్ మీద కొట్టుకునేలా ఉంటుంది. ఆ రోజుల్లో బ్రయన్ ఆడమ్స్, ఫారినర్ లాంటివాళ్లు చేసిన రేడియో రాక్‌కి దగ్గరి చుట్టం. ‘డౌన్ ద వైర్’ని, టైటిల్ పాటని సింగిల్స్‌గా వదిలారు. ఇంకో పాట పేరు ‘మిస్‌అండర్‌స్టుడ్’. అంటే అపార్థానికి గురైనవాడు. ముందే రాసిపెట్టుకున్నట్టుంది!

ఆ మధ్య కొల్లూరులో టీ బడ్డీ దగ్గర నా ఫోన్‌లో ‘డౌన్ ద వైర్’ పెట్టాను. పక్కనున్న మావాడికి మెటల్ అంటే ప్రాణం. ఆదివారం పొద్దున చర్చిలో గిటార్ వాయిస్తాడు, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెటాలికా. ఇది మన జిల్లాలో కొత్తేం కాదు. గుంటూరు, తెనాలి, బాపట్ల చుట్టుపక్కల గిటారో డ్రమ్సో చేతికందిన కుర్రాళ్లలో చాలామందికి మొదటి స్టేజీ చర్చే. పాట సగంలో వాడు, ‘ఇదెవడ్రా బావా, బానే పాడుతున్నాడే’ అన్నాడు. ఐరన్ మెయిడెన్ గిటారిస్ట్ అని చెప్పా. వాడి మొహం మారిపోయింది. ‘ఛ! మెయిడెన్ వాడై ఉండి ఇదేంటి?’ పాట అదే, ఫోన్ అదే, టీ కూడా చల్లారలేదు. పేరు తెలిసేసరికి పాట పాడైపోయింది.

1989లో ఇంగ్లండ్‌లో జరిగింది కూడా అచ్చంగా ఇదే.

ఎందుకు పోయింది?

ఆల్బమ్ అమ్ముడుపోలేదు. ఆ రోజుల్లో మెయిడెన్ ఏది విడుదల చేసినా ఇంగ్లండ్ చార్టుల్లో పై వరసలో కూర్చునేది. ‘కెన్ ఐ ప్లే విత్ మ్యాడ్‌నెస్’ 1988లో 3వ స్థానం దాకా వెళ్లింది. అందులోనూ స్మిత్ రాతే ఉంది. అదే మనిషి పక్క గుమ్మంలోంచి వస్తే ఎవరూ లేచి చూడలేదు.

ఫ్యాన్స్‌దే తప్పు అనడం తేలిక. నేను అలా అనను. ఎనభైల్లో మెటల్ వినడమంటే పాట వినడం ఒక్కటే కాదు, ఒక జట్టులో చేరడం. రేడియోలు వాళ్ల పాటలు వేసేవి కావు. స్కూల్లో మాస్టార్లు, ఇంట్లో అమ్మానాన్నలు, పేపర్లవాళ్లు అందరూ వెక్కిరించేవాళ్లే. ఆ కుర్రాళ్లకి మెయిడెన్ పాట, ‘మేం మీలాంటి వాళ్లం కాదు’ అని చెప్పుకునే ధైర్యం. అలాంటిది తమ గిటారిస్టే అవతలి రేడియో గుమ్మంలో నిలబడితే మండదూ? పైగా ఆ పదేళ్లలో ఎంతోమంది రాకర్లు జుట్టుకి స్ప్రే కొట్టి, గిటార్ గొంతు తగ్గించి చార్టుల వైపు పరిగెత్తారు. ఇతను కూడా అదే బాపతు అనుకున్నారు.

ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. 1988లో స్విట్జర్లాండ్ బ్యాండ్ సెల్టిక్ ఫ్రాస్ట్ ‘కోల్డ్ లేక్’ అని ఒకటి వదిలింది. అంతకుముందు వాళ్ల పాట వింటే చీకట్లో శ్మశానంలో నడిచినట్టుండేది. ఇందులో ఒక్కసారిగా గ్లామర్ వేషం వేసుకుని ప్రత్యక్షమయ్యారు. ఫ్యాన్స్ ఉతికి ఆరేశారు. ఆ బ్యాండ్ నాయకుడు టామ్ వారియర్ కూడా తర్వాత ఆ ఆల్బమ్‌ని తనది కాదన్నట్టే మాట్లాడాడు. అదే ఏడాది ఇంకో వింత. జూడాస్ ప్రీస్ట్ అంటే తోలు జాకెట్, మోటార్ సైకిల్, మెటల్‌కి యూనిఫాం కుట్టించిన బ్యాండ్. వాళ్లు పారిస్ వెళ్లి కైలీ మినోగ్, రిక్ ఆస్ట్లీ పాటలు చేసిన స్టాక్-ఎయిట్‌కెన్-వాటర్‌మన్ త్రయంతో మూడు పాటలు రికార్డ్ చేశారు. ఆ పాటల్ని బయటికి వదల్లేదు, డబ్బాలో పెట్టి మూత వేశారు. వదిలుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

స్మిత్ వీళ్ల లాంటివాడు కాదనే నా లెక్క. అతను మారలేదు. అర్చిన్ రోజుల నుంచీ అతనిది ఈ పాటే. ‘వేస్టెడ్ ఇయర్స్’ని కాస్త నిదానంగా, కీబోర్డ్ మీద వాయించి చూడండి. ‘సిల్వర్ అండ్ గోల్డ్’లో ఎక్కడైనా ఇమిడిపోతుంది. డబ్బు కోసమో ఫ్యాషన్ కోసమో చేసింది కాదు. కానీ వినేవాడి దగ్గర ఆ లెక్కలుండవు కదా.

అలాగని ఆల్బమ్ అంతా ఆణిముత్యాలని కూడా చెప్పను. స్మిత్ గొంతు బాగుంటుంది, కాస్త గరుకు, కాస్త దిగులు. కానీ పది పాటలు మోసే గొంతు అప్పటికింకా కాలేదు. పక్కన డికిన్సన్ లాంటి సైరన్ గొంతుకి అలవాటు పడ్డ చెవులకి మరీ పల్చగా అనిపిస్తుంది. రెండో సగంలో కొన్ని పాటలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి. ఇంకోటి, 1989 నాటికి ఆ తరహా మెలోడీ రాక్ మార్కెట్లో గుట్టలుగా పడి ఉంది. దుగ్గిరాల యార్డుకి అందరూ ఒకే రోజు పసుపు తోలుకొచ్చినట్టు. సరుకు మంచిదే, కొనే నాథుడు లేడు.

ఒకే సెలవు, రెండు ఫలితాలు

అదే సెలవులో బ్రూస్ డికిన్సన్ కూడా సొంతంగా ఆల్బమ్ చేశాడు. 1990లో వచ్చిన ‘టాటూడ్ మిలియనీర్’. అదీ పూర్తి మెటల్ కాదు, సరదా హార్డ్ రాక్. అది మాత్రం బానే ఆడింది. ఎందుకంటే ముందు అతని పేరు అట్ట మీదే ఉంది. గొంతు జనానికి తెలిసిన గొంతే. గిటార్ల బరువు తగ్గలేదు. ఫ్యాన్స్ పది అడుగులు నడవక్కర్లేదు, రెండడుగులు వేస్తే చాలు. స్మిత్ పదడుగులు నడవమన్నాడు.

ఈ కథలో అసలు దెబ్బ ఆల్బమ్ పోవడం కాదు. సెలవైపోయి బ్యాండ్ మళ్లీ కూర్చుంది. హారిస్‌కి కీబోర్డులూ, మెరుగులూ విసుగొచ్చాయి. పాత రోజుల్లోలా ముతగ్గా, మొరటుగా వాయిద్దాం అన్నాడు. ఎసెక్స్‌లో తన ఇంటి దగ్గరున్న కొట్టంలోనే రికార్డింగ్ పెట్టాడు. స్మిత్‌కేమో 1986, 1988 ఆల్బమ్‌ల దారిలోనే ఇంకా ముందుకెళ్లాలని ఉంది. చెరో వైపు లాగుడు మొదలైంది. అప్పుడే ఓ ఆల్బమ్‌లో తన మనసంతా పెట్టి, అది పోయి, తిరిగొచ్చిన మనిషికి ఈ కొట్టంలో మొరటు పాటల మీద ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కవాళ్లకీ అది కనిపించింది. 1990లో రికార్డింగ్ సన్నాహాల్లోనే అతను బయటికొచ్చేశాడు. ఆ కుర్చీలోకి ఎవరొచ్చారో చూడండి. జానిక్ గెర్స్, డికిన్సన్ సోలో ఆల్బమ్‌లో గిటార్ వాయించినతను! సెలవులో ఒకడు చేసిన ఆల్బమ్ బ్యాండ్‌కి కొత్త గిటారిస్ట్‌ని తెచ్చిపెట్టింది. ఇంకొకడు చేసిన ఆల్బమ్ పాత గిటారిస్ట్‌ని బయటికి తోసింది.

ఇంకో తమాషా. డికిన్సన్ ఓ హారర్ సినిమా కోసం సొంతంగా చేసుకున్న ‘బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్’ని మెయిడెన్ మళ్లీ రికార్డ్ చేసింది. 1991 జనవరిలో అది ఇంగ్లండ్‌లో నంబర్ 1 అయింది. మెయిడెన్ సింగిల్స్‌కి పదేళ్లు చిక్కని 1వ స్థానం స్మిత్ వెళ్లిపోయిన వెంటనే వచ్చింది. అతను ఆ రోజు ఏమనుకున్నాడో గానీ, నాకు మాత్రం చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

1992లో డోనింగ్టన్ మైదానంలో మెయిడెన్ షో చివర్లో స్మిత్ స్టేజీ ఎక్కి ఒక్క పాట వాయించాడు, ‘రన్నింగ్ ఫ్రీ’. అంతే, దిగిపోయాడు. ఆ వీడియో దొరుకుతుంది. కోపతాపాలేం కనిపించవు. పెళ్లికొచ్చిన పాత అల్లుడిలా ఉంటాడు.

రేపల్లె పక్కన, అదే 1989లో

కాసేపు మన ఊళ్ల వైపు వద్దాం. రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి గారు తెలుసు కదా. వేల పాటలు పాడిన గొంతు. సరిగ్గా 1989లోనే ఆవిడ పాడే మైకు వదిలి సంగీత దర్శకత్వం వైపు కూర్చున్నారు. ‘మౌన పోరాటం’ సినిమాకి సంగీతం ఆవిడదే. సినిమా ఆడింది, పాటలూ జనానికి నచ్చాయి. ఇదీ వేషం మార్చడమే కదా, మరి ఇక్కడ ఎవరూ ఎందుకు తిట్టలేదు? నాకు తోచింది ఒకటే. వినేవాళ్లకి ఆవిడ మీదున్న నమ్మకం ఏ ఒక్క తరహాకీ కట్టేసింది కాదు. జోల పాడారు, క్లబ్ పాట పాడారు, ముసలమ్మలా పాడారు, పసిపిల్లలా పాడారు. ఎప్పుడూ మారుతూ ఉండటమే ఆవిడ పేరు. మారితే ఆశ్చర్యమేముంది?

సావిత్రి కథ ఇంకో రకం. తెనాలి దగ్గర చిర్రావూరు ఆడపడుచు. 1968లో ‘చిన్నారి పాపలు’ సినిమాకి దర్శకత్వం వహించారు. నిర్మాణంలో అన్ని శాఖల్నీ ఆడవాళ్లే నడిపించాలనే పట్టుదల. ఇవాళైతే ఆ ఒక్క ముక్కకే ఎన్ని రీల్స్ వచ్చేవో! సినిమా ఆడలేదు, డబ్బు పోయింది. మహానటి దర్శకురాలిగా ఎలా చేసిందని చూసినవాళ్లకన్నా, మహానటికి ఇదెందుకు అన్నవాళ్లే ఎక్కువ. స్మిత్ బాధ ఆవిడకి బాగా అర్థమయ్యేది.

టోక్యోకి టికెట్ కొన్నవాడు

స్మిత్‌కి పూర్తిగా వ్యతిరేకంగా నడిచిన కథొకటి ఉంది. మెగాడెత్ గిటారిస్ట్ మార్టీ ఫ్రీడ్‌మన్. 1990లో వచ్చిన ‘రస్ట్ ఇన్ పీస్’లో అతని సోలోలు ఇవాళ్టికీ గిటార్ నేర్చుకునేవాళ్లకి పరీక్ష పేపర్లే. అలాంటివాడికి పాప్ అంటే పిచ్చి. 1999లో మెగాడెత్ ‘రిస్క్’ అనే ఆల్బమ్‌తో రేడియో వైపు మొగ్గింది. ఫ్యాన్స్ చెడామడా తిట్టారు. కొద్ది నెలలకే ఫ్రీడ్‌మన్ బ్యాండ్ వదిలేశాడు. అయితే పాప్ మరీ ఎక్కువైందని కాదు, తనకి అక్కడ మెటల్ మీద ఆసక్తి పోయిందని!

2003లో, నలభై ఏళ్ల వయసులో మకాం టోక్యోకి మార్చేశాడు. జపనీస్ అప్పటికే నేర్చుకున్నాడు. అక్కడి పాప్ గాయకుల వెనక గిటార్ వాయించాడు, టీవీ కామెడీ షోల్లో కనిపించాడు, 2009లో ‘టోక్యో జ్యూక్‌బాక్స్’ పేరుతో జపనీస్ పాప్ పాటల్ని తన గిటార్ మీద వాయించి ఆల్బమ్ చేశాడు. అక్కడ మామూలు ఇళ్లలో కూడా అతని మొహం తెలుసు. 2023 ఫిబ్రవరిలో మెగాడెత్ టోక్యో బుడోకాన్‌లో వాయించినప్పుడు పిలిస్తే వెళ్లి వాళ్లతో వాయించి మరీ వచ్చాడు.

చూడండి, ఇతను పాత ఫ్యాన్స్‌ని ఒప్పించే పని పెట్టుకోలేదు. కొత్త ఊరెళ్లి కొత్త జనాన్ని వెతుక్కున్నాడు. స్మిత్ పాత వీధిలోనే కొత్త కొట్టు తెరిచాడు. రోజూ బజ్జీలు తినడానికి వచ్చేవాళ్లకి సేమ్యా పాయసం పెట్టాడు.

ఇన్‌స్టాలో ఏడాదిపాటు గిటార్ కవర్లు పెట్టి పదివేలమంది ఫాలోవర్లని కూడగట్టుకున్న కుర్రాడెవరైనా ఇది చదువుతుంటే వాడికి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. ఒక్కరోజు తన సొంత పాట, అదీ మెత్తటిది పెడితే లైక్‌లు పదో వంతుకి పడిపోతాయి. కింద కామెంట్, ‘బ్రో, పాతవి పెట్టు’. స్మిత్‌కి కనీసం కామెంట్ బాక్స్ లేదు. షాపుల్లోంచి వెనక్కొచ్చిన రికార్డులే కామెంట్లు.

మళ్లీ అదే గొంతు

తర్వాతేమైందంటారా? తొంభైల్లో ‘సైకో మోటెల్’ అని బరువైన బ్యాండ్ పెట్టి రెండు ఆల్బమ్‌లు చేశాడు. అవీ పెద్దగా నడవలేదు. అప్పటికి డికిన్సన్ కూడా మెయిడెన్ వదిలేసి ఉన్నాడు. ఇద్దరూ కలిసి 1997లో ‘యాక్సిడెంట్ ఆఫ్ బర్త్’, 1998లో ‘ది కెమికల్ వెడ్డింగ్’ చేశారు. మెటల్ ఫ్యాన్స్ లేచి కూర్చున్నారు. 1999లో ఇద్దర్నీ మెయిడెన్ తిరిగి తీసుకుంది. గెర్స్‌ని పంపెయ్యలేదు. ముగ్గురు గిటారిస్టులతో 2000లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ వచ్చింది. అందులో మొదటి పాట ‘ది వికర్ మ్యాన్’ రాసినవాళ్లలో స్మిత్ ఉన్నాడు. మళ్లీ చిన్న పాట, మళ్లీ నోటికి పట్టే పల్లవి.

2007 మార్చిలో మెయిడెన్ మొదటిసారి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చింది. హైదరాబాద్ నుంచి, మన కోస్తా నుంచి కూడా రైళ్లెక్కి వెళ్లిన కుర్రాళ్లున్నారు. 2008లో ముంబైలో ‘వేస్టెడ్ ఇయర్స్’ వాయించినప్పుడు మైదానం మొత్తం పాడింది. అందులో ‘సిల్వర్ అండ్ గోల్డ్’ విన్నవాళ్లు ఎందరుంటారు? వేళ్ల మీద లెక్కెట్టొచ్చేమో.

స్మిత్‌కి ఇంకో పిచ్చి ఉంది, చేపలు పట్టడం. టూర్‌లో ఏ ఊళ్లో ఆగినా గాలం సర్దుకుని నది వెతుక్కుంటూ పోతాడు. 2020లో దాని మీద ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రివర్ అండ్ రాక్’ అని పుస్తకం కూడా రాశాడు. అక్కడి పద్ధతి ఏంటంటే, పట్టిన చేపని చూసి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. మా కృష్ణ గట్టున ఆ పని చేస్తే ‘వీడికేమైనా పిచ్చా, పులుసుకి పనికొచ్చే దాన్ని వదిలేశాడు’ అని నవ్వుతారు.

2021లో రిచీ కోట్జెన్ అనే అమెరికన్ గిటారిస్ట్‌తో కలిసి ‘స్మిత్/కోట్జెన్’ పేరుతో ఆల్బమ్ చేశాడు. ఇద్దరూ పాడతారు, ఇద్దరూ వాయిస్తారు. మెటల్ కాదు. బ్లూస్ కలిసిన మెలోడీ రాక్. 32 ఏళ్ల కిందట వద్దన్న గొంతే, కాకపోతే వయసుతో బాగా పండింది. ఈసారి అట్ట మీద పేరుంది, ఫ్యాన్స్‌కీ వయసొచ్చింది. మెచ్చుకున్నారు. 2025లో రెండో ఆల్బమ్ కూడా వచ్చింది.

వినాలనిపిస్తే ‘సిల్వర్ అండ్ గోల్డ్’తో మాత్రం మొదలుపెట్టకండి. ముందు ‘వేస్టెడ్ ఇయర్స్’, దాని వెంటనే ‘రీచ్ ఔట్’. ఆ తర్వాత ‘డౌన్ ద వైర్’. ఈ వరసలో వింటే మధ్యలో గోడేమీ తగలదు. పక్కన మెటల్ పిచ్చివాడెవడైనా ఉంటే పాట పూర్తయ్యేదాకా పాడిందెవరో చెప్పకండి.